బెర్లిన్ సొరంగం నాటకంలో పిస్తోలు పట్టినవాడిది తప్పేనా?

చర్చ ప్రారంభం

బెర్లిన్ గోడ కింద సొరంగం తవ్వి మనుషులను పడమటికి దాటించిన విద్యార్థుల కథతో వచ్చిన నాటకాన్ని మొన్న చూశాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. పశ్చిమ బెర్లిన్‌లో మూతబడిన ఒక బేకరీ నేలమాళిగ నుంచి కొందరు కుర్రవాళ్ళు నెలల తరబడి తవ్వుకుంటూ పోయి, తూర్పు వైపు ఒక ఇంటి పెరట్లోని మరుగుదొడ్డిలో తేలతారు. రెండో రాత్రి ఇద్దరు అపరిచితులు వచ్చి, తమ స్నేహితుణ్ణి కూడా తీసుకువస్తామని చెప్పి వెళ్ళి, సైనికులను వెంటబెట్టుకొని తిరిగివస్తారు. కాపలా ఉన్న విద్యార్థి చీకట్లో పిస్తోలు పేలుస్తాడు, ఒక యువ సైనికుడు చనిపోతాడు. చివరి అంకమంతా ఆ విద్యార్థి కుమిలిపోవడమే.

ప్రేక్షకులందరూ అతడు కాల్చడం న్యాయమా కాదా అని వాదించుకుంటున్నారు. నా అభ్యంతరం అది కాదు. పసిపిల్లలను చంకనెత్తుకొని ఆ బిలంలో పాకిన తల్లులకు, అక్కడ కాపలా ఉన్నవారి చేతుల్లో ఆయుధాలున్నాయని, కాల్పులు జరిగే అవకాశం ఉందని ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే రావాలో మానాలో వారే తేల్చుకునేవారు కదా.

రెండవ సభ్యురాలి సమాధానం

మీ వాదన వినడానికి బాగానే ఉంది గానీ, ఆ నగరంలో ముందుగా చెప్పడం అంటే ఏమిటో ఆలోచించండి. 1962 ఆగస్టులో కీఫ్‌హోల్ట్స్ వీధి సొరంగం గుట్టును స్టాసీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ) వేగు ఒకడు ముందే చేరవేయడంతో, దాటిపోదామని ఆశతో వచ్చినవారు పదుల సంఖ్యలో అరెస్టయ్యారు. తూర్పున ఉన్నవారికి చెప్పే ప్రతి అదనపు మాటా మరొక చెవిన పడే ప్రమాదం ఉన్నప్పుడు, ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి అన్నంతవరకే చెప్పడం దాపరికం అవుతుందా?

ఆయుధం సంగతికి వస్తే, అదే నెల 17న పీటర్ ఫెష్టర్ అనే 18 ఏళ్ళ యువకుడు గోడ దాటబోతూ కాల్పులకు గురై, అటువారూ ఇటువారూ చూస్తుండగానే దాదాపు గంటసేపు రక్తమోడుతూ గోడ పక్కనే పడి ఉన్నాడు. ఆ వార్త చదివిన కుర్రవాడిని వట్టి చేతులతో సొరంగం నోటి దగ్గర నిలబడమనడం మనకు తేలిక.

మూడవ సభ్యుడి సమాధానం

ఈ నాటకం దేనిమీద ఆధారపడిందో ఇద్దరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. 1964 అక్టోబరు మొదటి వారంలో బెర్నావర్ వీధి కింద నుంచి స్ట్రెలిట్సర్ వీధి 55వ నంబరు ఇంటి పెరటిదాకా తవ్విన సొరంగం గుండా రెండు రాత్రుల్లో 57 మంది పడమటికి చేరారు. అక్కడ చనిపోయిన సైనికుడు ఎగోన్ షుల్ట్స్, వయస్సు 21, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. తూర్పు జర్మనీ ప్రభుత్వం అతడిని వీరుడిగా ప్రకటించి, పాఠశాలలకూ, చివరికి ఆ వీధికే అతడి పేరు పెట్టింది. సొరంగం వాళ్ళు హంతకులని పాతికేళ్ళు ప్రచారం చేసింది. దేశం ఏకమయ్యాక పాత దస్తావేజులు తెరిస్తే తేలిందేమిటంటే, అతడి ప్రాణం తీసింది తోటి సైనికుడి కలాష్నికోవ్ తూటా. ఆ సంగతి ప్రభుత్వానికి మొదటినుంచీ తెలుసు. పిస్తోలు పేల్చిన విద్యార్థి మాత్రం చంపింది తానేనన్న నమ్మకంతోనే ఆ నిజం బయటపడకముందే చనిపోయాడు.

ఇంత తెలిసిన రచయిత ఆ విద్యార్థిని దోషిగానే వదిలేసి తెర దించడం నాకు అన్యాయంగా తోచింది. పాత్రల నిర్ణయాలను ప్రశ్నించే ముందు రచయిత నిర్ణయాన్ని ప్రశ్నించవద్దా?

చర్చ ప్రారంభించిన సభ్యుడి మలి సమాధానం

రెండవ సభ్యురాలు చెప్పిన వేగుల సంగతికి నేను తలవంచుతున్నాను. వారాల ముందు చెప్పడం కుదరని పనే. అయినా పెరటి గుమ్మం దగ్గర, దిగబోయే ముందు, చెవిలో ఒక్క మాట చెప్పడానికి అడ్డేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చెప్పినా దాదాపు అందరూ దిగే ఉండేవారేమో, కానీ తెలిసి దిగేవారు.

మూడవ సభ్యుడి గారితో మాత్రం ఏకీభవించలేను. నాటకం నడిచేది 1964లో. ఆ రాత్రి అతడికి తెలిసిందల్లా తన చేతిలో పిస్తోలు పేలిందనీ, ఎదుట ఒక మనిషి కూలాడనీ మాత్రమే. దశాబ్దాల తర్వాత దొరికిన కాగితాన్ని చివరి అంకంలో చదివి వినిపిస్తే మన మనస్సు తేలికపడుతుందే తప్ప, అతడు బతికిన బతుకు మారదు. పైగా ఆ దస్తావేజుల ప్రకారమే అతడి తూటా కూడా షుల్ట్స్‌కు తగిలింది. ప్రాణం తీయలేదన్నంతవరకే నిజం.

నన్ను వేధిస్తున్న మరో ఘట్టం ఉంది. ఆ ఇద్దరు అపరిచితులు స్నేహితుణ్ణి తీసుకువస్తామన్నప్పుడు కాపలావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, సరే వెళ్ళి రమ్మంటారు. లోపలికి లాగేసి ఉంటే స్టాసీ మనుషులు సొరంగంలో చేరేవారు. వెళ్ళనిచ్చారు కాబట్టి తుపాకులు వచ్చాయి. అనుమానం కలగగానే అందరినీ వెనక్కి పంపి బిలం మూసేయడం ఒక్కటే మిగిలిన దారి, కానీ అప్పటికి ఇంకా రావలసినవారు దారిలో ఉన్నారేమోనన్న ఆశ వారిని ఆపింది. నాటకం చూసినవారు ఆ అరనిమిషం గురించి ఏమనుకున్నారో రాయండి.