అప్‌డేట్: బైక్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్న మా తమ్ముడి సంగతి

బైక్ స్కిడ్ అయి హ్యాండిల్ ఎడమ డొక్కలో గుచ్చుకుంది, పైకి కాస్త కమిలింది తప్ప ఏం లేదు, కానీ ఎడమ భుజం నొప్పి అంటున్నాడు, ఏం చెయ్యాలి అని అడిగాను కదా. "భుజానికి దెబ్బ తగలకుండా అక్కడ నొప్పంటే ఆగొద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి" అన్నవాళ్లకి దండం.

బయల్దేరేసరికే మొహం పాలిపోయింది, ఒళ్లంతా చల్లటి చెమట. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయన్నాడు. అక్కడ చూస్తే బీపీ దాదాపు నార్మల్! నాడి మాత్రం 120 దాటింది. వయసులో ఉన్నవాళ్లకి రక్తం బాగా పోయేదాకా బీపీ పడదట, ముందు నాడే పరిగెడుతుందని డ్యూటీ డాక్టర్ గారు చెప్పారు. స్కానింగులో పొట్టలో రక్తం, సీటీలో ప్లీహం (స్ప్లీన్, ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం) చీలిక. ఆ రక్తం ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం, అదే డయాఫ్రమ్‌కి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుందట.

ఆపరేషన్ అవసరం పడలేదు. ఐసీయూలో పెట్టి, రక్తం ఎక్కించి, మాటిమాటికీ హిమోగ్లోబిన్ చూశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. నొప్పికి బ్రూఫెన్ లాంటివి వద్దన్నారు. ఆలస్యంగా కూడా బ్లీడింగ్ మొదలవ్వొచ్చట, కళ్లు తిరిగినా నొప్పి పెరిగినా వెంటనే రమ్మన్నారు. బైకు, క్రికెట్ కొన్ని నెలలు బంద్. వాడి గోలంతా క్రికెట్ గురించే!