కమోడోర్ 64కు పాత అడాప్టరే వాడాలా, కొత్తది కొనాలా?

నెల్లూరు సభ్యుడు: మా మేనమామగారు కువైట్ నుంచి తెచ్చిన, 1980ల నాటి ఇంటి కంప్యూటరు కమోడోర్ 64, దాని అడాప్టరుతో సహా అటక మీద దొరికింది. మల్టీమీటరు పెట్టి చూస్తే 5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. కాబట్టి దానినే వాడవచ్చని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పగలరు.

ఒంగోలు సభ్యుడు: ఆ కొలతను నమ్మకండి. యంత్రానికి తగిలించకుండా, చల్లగా ఉన్నప్పుడు చూసిన వోల్టేజికీ, గంటసేపు నడిచి వేడెక్కాక వచ్చే వోల్టేజికీ పొంతన ఉండకపోవచ్చు. రెగ్యులేటరు (వోల్టేజిని స్థిరంగా ఉంచే భాగం) చెడి వోల్టేజి పడిపోతే యంత్రం ఆగిపోతుంది, అంతే. ఈ అడాప్టర్లలో మాత్రం వోల్టేజి పైకి ఎగబాకడమే పేరుమోసిన జబ్బు, అప్పుడు మెమరీ చిప్పులు కాలిపోతాయి. విప్పి బాగుచేద్దామన్నా లోపలంతా ఎపాక్సీ జిగురు పోసి గట్టిపరిచారు. దానిని పక్కన పెట్టవలసిందే.

కావలి సభ్యుడు: పాతవాటినన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. 1984లో క్లాస్ అనే కంప్యూటరు విద్యా పథకం కింద మన బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటరునే తీసుకోండి. దాని పవర్ సప్లైలో, కరెంటు లోపలికి వచ్చేచోట ఉండే కాగితపు కెపాసిటర్ల పైతొడుగు పగిలి, తేమ పీల్చుకుని, స్విచ్ వేయగానే పొగ కక్కుతుంది. మా సముద్రపు గాలికి అది మరీ సహజం. అయితే ఆ రెండు మూడు కెపాసిటర్లు మారిస్తే మిగతాదంతా సాధారణంగా పనిచేస్తుంది. సప్లైనే పారేయడం దండగ. ఆ కాలపు మరో ఇంటి కంప్యూటరు స్పెక్ట్రమ్‌కైతే రెగ్యులేటరు యంత్రంలోనే ఉంది గనుక బయటి అడాప్టరు గురించి అంత భయం అక్కరలేదు. కానీ దాని పిన్నులో మధ్యభాగం నెగటివ్. బజారులో దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువగా మధ్యభాగం పాజిటివ్. అది చూసుకోకుండా గుచ్చితే కొత్త అడాప్టరే యంత్రాన్ని చంపుతుంది.

ఒంగోలు సభ్యుడు: బీబీసీ మైక్రో విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కమోడోర్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

నెల్లూరు సభ్యుడు: అయితే ఇంట్లో ఉన్న 5 వోల్టుల ఫోను ఛార్జరు సరిపోతుందా?

ఒంగోలు సభ్యుడు: సరిపోదండీ. ఆ యంత్రానికి 5 వోల్టుల డీసీతో పాటు 9 వోల్టుల ఏసీ కూడా కావాలి; పాత బోర్డుల్లో సౌండు చిప్పుకు కావలసిన 12 వోల్టులు తయారయ్యేది ఆ ఏసీ నుంచే. రెండూ ఇచ్చే కొత్త సప్లై కొనండి. అంతదాకా పాతదే వాడక తప్పదంటే, వోల్టేజి హద్దు దాటగానే కరెంటు తెంచే రక్షణ పెట్టెను మధ్యలో తగిలించండి.

కావలి సభ్యుడు: కొత్తది కొన్నాక పాతదాని వైరు మాత్రం కోయకండి, యంత్రంతో వచ్చిన జత అది.