శుభలేఖ మడత దగ్గర పగులుతోంది, ఏం చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా చెల్లి పెళ్లికి శుభలేఖలు వేయిస్తున్నాం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) ఆర్ట్ కార్డు, ముదురు మెరూన్ రంగు, పైన మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని ప్లాస్టిక్ ఫిల్మ్ పొర), వినాయకుడి బొమ్మకు వేడితో అద్దే బంగారు ఫాయిల్. శాంపిల్ చూడగానే ప్రాణం ఉసూరుమంది. మడత పొడవునా రంగు చిట్లి, లోపలి తెల్ల కాగితం సన్నటి గీతలా బయటపడింది. వేలితో రుద్దితే తొండం అంచున ఫాయిల్ కూడా లేస్తోంది.

క్రీజింగ్ (మడిచే చోట ముందుగా గాడి నొక్కడం) వేయకుండా నేరుగా మడిచేశారని నా అనుమానం. గ్రెయిన్‌కు, అంటే కాగితంలో పీచు సాగే దిశకు, అడ్డంగా మడిచినా ఇలాగే పగులుతుంది కదా. ప్రెస్ వాళ్లేమో మందపు కాగితం, తప్పదండీ అంటున్నారు. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.

లామినేషన్ అయ్యాక క్రీజింగ్ వేయించి, గ్రెయిన్ వెంబడి మడిస్తే సరిపోతుందా, లేక 250 జీఎస్ఎంకి దిగాలా? మ్యాట్ ఫిల్మ్ మీద పట్టే ఫాయిల్ వేరే ఉంటుందా, వేడి పెంచితే చాలా? ఇంకోటి, ఒకవైపే లామినేషన్ చేస్తే మన సముద్రపు తేమకి రెండోవైపు కాగితం ఉబ్బి కార్డు వంకర తిరుగుతుంది. రెండువైపులా చేయించమంటారా?

డాబా గార్డెన్స్, ద్వారకానగర్ వైపు క్రీజింగ్ మెషీన్ ఉన్న షాపు తెలిస్తే దయచేసి చెప్పండి. ముహూర్తం దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.