మా పేట పాత హాలు: కార్పొరేషన్ కొనాలా, ఓనర్‌ని అమ్ముకోనివ్వాలా?

సత్యనారాయణపురం_వాసి:
బెజవాడలో మా పేట చివర సింగిల్ స్క్రీన్ మూతపడి చాన్నాళ్లయింది, ఇప్పుడు ఓనర్ గారు అపార్ట్‌మెంట్లకి ఇచ్చేస్తున్నారని టాక్. కార్పొరేషన్ కొనేసి నాటకాల హాలు చేయాలని కొంతమంది సంతకాలకి తిరుగుతున్నారు. నేనైతే పెట్టలేదు. మీరేమంటారు?

బెంచీ_క్లాసు:
పెట్టాల్సిందండీ. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ టాకీస్ కట్టిన ఊరిది, ఆంధ్రాలో మొదటి సినిమా హాలంటారు దాన్ని. ఇప్పటికీ ఆటో ఎక్కితే అలంకార్ సెంటర్, విజయా టాకీస్ సెంటర్ అనే కదా చెప్తాం. మన హాలుకి కొత్త సినిమా ఏనాడూ మొదటి వారం రాలేదు, గాంధీనగర్ హాళ్లలో ఆడి ఆడి గీతలు పడ్డ ప్రింటే వచ్చేది, అయినా మా పిన్ని వాళ్లు పొద్దున్నే వంట కానిచ్చేసి పిల్లల్ని వెంటేసుకుని మ్యాట్నీకి నడిచెళ్లిపోయేవాళ్లు, ఇంటర్వెల్లో పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడేసుకునేవాళ్లు, మగాళ్ల తోడు లేకుండా ఆడవాళ్లు మూడు గంటలు కూర్చునే చోటు గుడి కాకుండా ఇంకేదుందో చెప్పండి ఆ పేటలో.

ప్రొజెక్టర్_రూము:
బెంచీ గారూ, అంతా నిజమే, మరి ఓనర్ కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? మొదటి వారం కలెక్షన్లు దండిగా ఉన్నప్పుడేమో డిస్ట్రిబ్యూటర్లు హాలుకి అద్దె మాత్రమే ఇస్తారు, జనం పల్చబడగానే పర్సంటేజీ అంటారు. లాభం వాళ్లది, ఖాళీ కుర్చీలు మనవి. 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నది ఈ గొడవ మీదే. అంతకుముందు 2021 ఏప్రిల్‌లో జీవో 35 వచ్చి కార్పొరేషన్ పరిధిలో నాన్ ఏసీ హాలుకి టికెట్టు కింది క్లాసు 20 రూపాయలు, పై క్లాసు 60 అని కట్టేసింది, 2022 మార్చిలో జీవో 13తో రేట్లు సవరించారు గానీ చిన్న హాలు ఆ గ్యాప్‌లోనే చితికిపోయింది. సైకిల్ స్టాండు, క్యాంటీన్ డబ్బులతో నెట్టుకొచ్చిన హాళ్లివి.

మేకప్_గది:
నేను నాటికలేసేవాణ్ణి, నన్నడిగితే ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. సినిమా హాలు నాటకాల హాలు అయిపోదండీ. తెర ముందు నాలుగడుగుల జాగాలో ఎంట్రీ ఎక్కణ్ణించి ఇస్తాం? స్టేజీ పక్కన వింగ్స్ ఉండవు, మేకప్‌కి గ్రీన్ రూము ఉండదు, గొంతు వెనక గోడకి కొట్టుకుని మళ్లీ మన చెవిలోనే పడుద్ది. దుర్గా కళామందిరం లాంటిది వేరే కథ, అది ముందు నాటకాలకని కట్టి తర్వాత సినిమాకిచ్చింది. అటునుంచి ఇటు రావచ్చు, ఇటునుంచి అటు కష్టం.

ఇంకోటి, మాకు పెద్ద హాలు కొదవ లేదు. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది, సుమధుర కళానికేతన్ వాళ్ల హాస్య నాటికల పోటీలకి జనం వస్తారు కూడా. కానీ మామూలు రోజు నూటయాభై మంది వచ్చే నాటికకి అంత హాలు తీసుకుంటే నాటక సమాజం పెద్దాయన జేబుకి చిల్లే. పక్కన తెనాలిలో 1929లోనే నాటక కళా పరిషత్తు పెట్టుకున్న ప్రాంతం మనది, ఈరోజు రిహార్సల్స్‌కి మాత్రం ఎవరింటి డాబానో అడుక్కోవాలి.

కాబట్టి నా మాట ఇది. అపార్ట్‌మెంట్లు కట్టుకోనివ్వండి, కింద రెండొందల సీట్ల హాలు ఒకటి వదలమనండి, మంచి స్టేజీ, రెండు గదులు. నెలలో కొన్ని రోజులకి కార్పొరేషన్ అద్దె గ్యారంటీ ఇస్తే చాలు, మిగతా రోజులు ఓనర్ బారసాలలకో ట్యూషన్లకో ఇచ్చుకుంటాడు. మొత్తం కొనేస్తే మాత్రం తాళంచెవి ఆఫీసులో, మనం అర్జీ పట్టుకుని వరండాలో.

బెంచీ_క్లాసు:
అంటే నేల టికెట్టు జనం ఇక రాకూడదా? నాటికకొచ్చేది మీ నూటయాభై మందేగా, పాసుల మీద!

మేకప్_గది:
పాసులే, ఒప్పుకుంటా. మా పిన్ని వాళ్లొస్తారు పాసివ్వమని మీరడగండి, మొదటి వరస ఇస్తా.

ప్రొజెక్టర్_రూము:
కింద హాలు పెడితే పార్కింగ్ ఎక్కడ సార్? బిల్డర్ మొదట అడిగేది అదే.

సత్యనారాయణపురం_వాసి:
సెల్లార్‌లో. వానాకాలం నీళ్లొస్తాయనుకోండి, అది వేరే గొడవ. ఈ అద్దె గ్యారంటీ ముక్క అర్జీలో రాస్తే నేను సంతకం పెడతా.