లేసు డిజైన్ల ఫైలుకి షరతులు ఎలా రాయాలి?

మాది నరసాపురం దగ్గర. నేను గీసిన 14 లేసు అల్లిక డిజైన్లను పీడీఎఫ్ చేసి, కింద "అమ్మకూడదు" అని ఒక్క ముక్క రాసి ఉచితంగా పంచాను. మూడు వారాలకే ఎవరో నా పేరు తీసేసి 150 రూపాయలకి అమ్ముతున్నారు. వాటర్‌మార్క్ వేస్తే అదీ చెరిపేశారు. అడిగితే "అల్లిన లేసు అమ్మొద్దన్నారనుకున్నాం" అన్నారు! నా వాక్యంలోనూ లొసుగు ఉందిలెండి.

క్రియేటివ్ కామన్స్ (సీసీ) బీవై-ఎన్‌సీ 4.0 చదివాను. గీసినవాళ్ల పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా ఎవరైనా వాడుకోవచ్చనే రెడీమేడ్ లైసెన్సు అది. ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేం. దానికి సొంత ఆంక్షలు కలిపితే అది సీసీ లైసెన్సు అనిపించుకోదు, అదనపు అనుమతులైతే విడిగా ఇవ్వొచ్చు. అల్లిన లేసు అమ్ముకునే ఆడవాళ్లకి అడ్డు రాకూడదు, ఫైలు మాత్రం ఎవరూ అమ్మకూడదు.

బీవై-ఎన్‌సీ పెట్టి "అల్లినవి అమ్ముకోవచ్చు" అని విడిగా అనుమతి రాస్తే సరిపోతుందా, లేక షరతులన్నీ సొంతంగా రాసుకోవాలా?