వాడని క్వార్ట్జ్ వాచీ: క్రౌన్ లాగి పెట్టాలా, సెల్ తీసేయాలా?

చిన్నముల్లు: నా పాత క్వార్ట్జ్ వాచీ ఎక్కువగా డ్రాయర్లోనే ఉంటోంది. క్రౌన్ (టైం సరిచేసే పక్క బొడిపె) బయటికి లాగి ఆపేస్తే సెల్ ఆదా అవుతుందంటున్నారు. నిజమేనా? లేక సెల్ తీయించేయాలా?

మూడుముళ్లు: నిజమే. క్రౌన్ లాగితే ముళ్లు తిప్పే మోటారుకి కరెంటు పల్స్ ఆగిపోతుంది. సెల్‌ని ఎక్కువగా తినేది ఆ మోటారే. లోపల క్వార్ట్జ్ క్రిస్టల్ మాత్రం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూనే ఉండొచ్చు, దానికి పట్టే కరెంటు చాలా తక్కువ. వాచీ లోపలి యంత్రాలు (మూవ్‌మెంట్లు) చేసే స్విస్ కంపెనీ రోండా అయితే కొన్ని మూవ్‌మెంట్లకు ఇలా ఆపితే వినియోగం సుమారు 70 శాతం తగ్గుతుందని చెప్తుంది. లాగి పెట్టండి, మూత జోలికి పోకండి.

తుప్పు: ఆదా సరే, లీకేజీ సంగతో? ఆపినా సెల్ లోపలే ఉంటుంది కదా. నా వాచీలో అలాగే వదిలేస్తే సెల్ కారి సర్క్యూట్ తినేసింది. పైగా క్రౌన్ లాగి ఉంటే తేమ లోపలికి పోతుంది.

మూడుముళ్లు: డ్రాయర్లో వాన పడుతుందా అండీ?

గంటలపంచాంగం: చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ కొనుక్కోండి, సెల్ గొడవే ఉండదు.

తుప్పు: అందులో నూనె ఎండిపోదా? సర్వీసింగ్ ఎవరు చేయిస్తారు?
మూడుముళ్లు గారూ, వాన కాదు, గాల్లో తేమ గురించి చెప్తున్నా. చదివి మాట్లాడండి.

మూడుముళ్లు: చదివాను. మీ వాచీలో కారింది ఏ సెల్? సిల్వర్ ఆక్సైడా, ఆల్కలైనా? సిల్వర్ ఆక్సైడ్ సెల్ ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ వేయాల్సిన చోట అదే సైజు ఆల్కలైన్ ఎల్ఆర్626 వేసేస్తుంటారు. పట్టేస్తుంది, నడుస్తుంది కూడా. కానీ సిల్వర్ ఆక్సైడ్ చివరిదాకా 1.55 వోల్టుల దగ్గరే నిలబడుతుంది, ఆల్కలైన్ మెల్లగా దిగిపోతుంది, కారే బెడదా దానికే ఎక్కువ.

తుప్పు: ఏం వేశారో నాకేం తెలుసు? రిపేరు చేసినాయన చెప్పలేదు, నేను అడగలేదు. అయినా ఏ సెల్ అయినా పూర్తిగా అయిపోయాక లోపల ఉంచకూడదు. ఇందులోనూ తప్పు పడతారా?

మూడుముళ్లు: అందులో తప్పేం లేదు. నా బాధ వేరు. సెల్ మార్పించిన మర్నాడే నా వాచీ గ్లాసు లోపల ఆవిరి పట్టింది. రబ్బరు రింగు మెలికపడ్డా చూడకుండా మూత నొక్కేశారు. అందుకే ఊరికే తెరిపించొద్దంటున్నా.

తుప్పు: అంటే క్రౌన్ కాదు, మీకు రిపేరువాళ్ల మీద నమ్మకం లేదు. అది ముందే చెప్తే పోయేది కదా! నాకు సెల్ మీద లేదు.

చిన్నముల్లు: ఇంకోటి చెప్పడం మర్చిపోయా. సెకన్ల ముల్లు ఒక్కొక్కటిగా కాకుండా నాలుగేసి సెకన్లు దూకుతోంది.

తుప్పు: ఇంత సేపు ఎందుకు దాచారండీ! చాలా వాచీల్లో సెల్ అయిపోతోందనడానికి గుర్తే అది. ఇక లాగి ప్రయోజనం లేదు, తీయించండి.

మూడుముళ్లు: తీయించండి. సిల్వర్ ఆక్సైడే కావాలని అడగండి. రింగు మార్చమనండి, మూత వేసేటప్పుడు పక్కనే నిలబడండి.