అప్‌డేట్: ఒక్కరికి సరిపడా ఉగాది వంట

ఈ ఉగాదికి ఇంటికి వెళ్లలేకపోతున్నానని, బొబ్బట్లు, పులిహోర, ఉగాది పచ్చడి ఒక్కరికి సరిపడా ఎలా వండుకోవాలని కిందటి వారం అడిగాను. ఓపికగా కొలతలు చెప్పిన వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్లే బొబ్బట్లకు 50 గ్రాముల పచ్చిశనగపప్పుకు అంతే బెల్లం తీసుకున్నాను. అయితే అంత కొద్ది పప్పు మిక్సీ బ్లేడుకు అందక అంచులకు అతుక్కుపోయింది కాబట్టి, దాన్ని గిన్నెలోకి తీసి పప్పుగుత్తితో మెత్తగా మెదిపి, బెల్లం కలిపి, గరిటె నిలబడేంత గట్టిపడే వరకు సన్నని సెగపై తిప్పాను. నాలుగు బొబ్బట్లు వచ్చాయి. పప్పు వార్చిన కట్టు పారబోయకుండా, కొద్దిగా చింతపండు పులుసు, మిరియాల పొడి, చెంచాడు పూర్ణం కలిపి చారు పెట్టాను. నా దృష్టిలో ఆ రోజు వంటలన్నింటిలో అదే మేటి.

పులిహోరకు అరగ్లాసు బియ్యం, ఉసిరికాయంత చింతపండు చాలాయి. నూనెను మాత్రం అదే లెక్కన తగ్గించడం పొరపాటైంది. పోపు సరిగా వేగలేదు, అన్నం పొడిబారిపోయింది. మరో రెండు చెంచాల నూనెలో ఇంగువ, ఎండుమిరపకాయలు వేయించి కలిపి, గంటసేపు మూతపెట్టి ఉంచాక పులుపు అన్నానికి చక్కగా పట్టింది.

పచ్చడికి పావు మామిడికాయ, చిటికెడు వేపపూత సరిపోయాయి.